అరబ్బు తెరచాప ఓడలు, పరాయి జెండాలు: మస్కట్ ధోల తగాదా

19వ శతాబ్దం చివర ఒమన్ తీరంలోని సూర్ రేవుకు చెందిన కొందరు అరబ్బు ఓడదారులు తమ సుల్తాను జెండా దించి ఫ్రాన్సు జెండా ఎగరేసుకున్నారు. దానిమీద బ్రిటన్, ఫ్రాన్సుల మధ్య ఏళ్ళ తరబడి నడిచిన వివాదాన్ని 1905 ఆగస్టు 8న హేగ్‌లోని శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానం తేల్చింది. అంతర్జాతీయ న్యాయశాస్త్రంలో ‘మస్కట్ ధోల కేసు’ అంటే ఇదే. ఓడకు జాతీయత ఎవరిస్తారు, ఆ జాతీయత ఓడలో ఉన్న మనుషులకు కూడా అంటుతుందా అన్న ప్రశ్నలకు నేటికీ ఈ తీర్పునే మొదట తిరగేస్తారు.

‘ధో’ అన్నది ఐరోపావాళ్ళు వాడిన మాట. అరబ్బు నావికులు ఓడ ఆకారాన్నిబట్టి బగలా, సంబూక్, బూమ్, గంజా అని వేర్వేరు పేర్లతో పిలుస్తారు. మన తీరంలో సరంగు, తండేలు ఎలాగో, ఆ ఓడలో నఖుదా అలాగ. ఓడ నడిపేదీ, బేరం కుదిర్చేదీ అతనే. ఈశాన్య రుతుపవనం వీచే నెలల్లో ఖర్జూరం, ఎండు చేప ఎత్తుకుని ఆఫ్రికా తీరానికి దిగడం, గాలి తిరగ్గానే మడ కర్రలూ లవంగాలూ ఏనుగు దంతమూ నింపుకుని వెనక్కి రావడం వాళ్ళ బతుకు. ఆ సరుకుల మధ్య మనుషులు కూడా ఉండేవారు. జెండా తగాదా అంతా పుట్టింది అక్కడే.

జెండా కంటే ముందు కాగితం

హిందూ మహాసముద్రంలో ఓడకు ఎవరి రక్షణ ఉంది అన్న ప్రశ్న పోర్చుగీసువాళ్ళతో పదునెక్కింది. 16వ శతాబ్దంలో వాళ్ళు ‘కర్తాజ్’ అనే అనుమతి పత్రం ప్రవేశపెట్టారు. అది లేకుండా సముద్రంలో కనబడిన ఓడను పట్టుకుని సరుకు లాక్కునేవారు. అంతవరకు ఎవరి సొత్తూ కాని సముద్రంలో నడవడానికి అనుమతి కొనుక్కోవలసిన స్థితి వచ్చింది. గోల్కొండ సుల్తానుల ముఖ్య రేవు మచిలీపట్నం నుంచి ఎర్రసముద్రానికీ పారశీక తీరంలోని బందర్ అబ్బాస్‌కూ పోయే ఓడలు ఈ బెడదను చవిచూశాయి. మక్కా యాత్రికులు, కలంకారీ బట్టలు ఎక్కిన ఓడలవి. తర్వాత డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు మచిలీపట్నంలో కోఠీలు పెట్టి, తమ పాసులు తామూ ఇవ్వసాగారు.

హైదరాబాదు కథలో జెండా మాట నేరుగా వచ్చేది 1802లో. తీరంలోని సర్కారు జిల్లాలు అప్పటికే ఈస్టిండియా కంపెనీ చేతికి పోయాయి, నిజాముకు సొంత రేవు లేదు. ఆ ఏడాది కుదిరిన వాణిజ్య ఒప్పందంలో నిజాముకు మచిలీపట్నం రేవును వాడుకునే హక్కు, అక్కడ కోఠీ పెట్టుకునే హక్కు రాసి ఇచ్చారు. ఆయన ఓడలు బ్రిటిష్ జెండా రక్షణలో సముద్రం మీద తిరగవచ్చు. ఇంత పెద్ద సంస్థానానికి సముద్రం మీద తన పతాకం కాక మరొకరి పతాకమే రక్ష అన్నమాట. మస్కట్ ఓడదారులు తర్వాత చేసిన పనికీ దీనికీ రూపంలో తేడా తక్కువ. తేడా అంతా ఎవరి జెండా అన్నదాంట్లోనే ఉంది.

పర్షియన్ గల్ఫులో బ్రిటిష్‌వాళ్ళు ఏకంగా జెండాలే నిర్ణయించారు. రాస్ అల్ ఖైమాపై 1819 చివర బొంబాయి నుంచి వెళ్ళిన దండయాత్ర తర్వాత, 1820 జనవరిలో జనరల్ విలియం కైర్ గ్రాంట్ అక్కడి షేకులతో సాధారణ ఒప్పందం రాయించుకున్నాడు. స్నేహంగా ఉండే అరబ్బులు నేలమీదా ఓడమీదా తెల్ల అంచు చుట్టిన ఎర్ర జెండా ఎగరేయాలి. తెలుపు వెడల్పు ఎరుపు వెడల్పుతో సమానంగా ఉండాలి. ఓడలో రిజిస్టరు కాగితం ఉండాలి. అంటే జెండా గుడ్డ కొలత కూడా ఒప్పందంలో చేరింది. షార్జా, రాస్ అల్ ఖైమాల జెండా నేటికీ అదే. పని వెతుక్కుంటూ కోనసీమ నుంచీ కరీంనగర్ నుంచీ ఆ ఊళ్ళకు వెళ్ళే తెలుగువాళ్ళు రోజూ చూసే జెండా వెనుక ఈ కథ ఉంది.

ఫ్రెంచి జెండా మీద మోజు ఎందుకు

మస్కట్, జాంజిబార్‌లు రెండూ ఒకప్పుడు సయ్యద్ సయీద్ బిన్ సుల్తాన్ ఏలుబడిలోనివే. ఆయన 1844లో ఫ్రాన్సుతో స్నేహ వాణిజ్య ఒప్పందం చేసుకున్నాడు, 1856లో మరణించాడు. కొడుకుల మధ్య వాటా తగువును 1861లో భారత వైస్రాయి కానింగ్ తీర్చాడు. జాంజిబార్ వేరుపడింది, మస్కట్‌కు ఏటా 40,000 డాలర్లు చెల్లించాలన్నది తీర్పు. కొన్నేళ్ళకు ఆ డబ్బు కట్టే భారం భారత ప్రభుత్వ ఖజానా మీద పడింది. 1862 మార్చి 10న బ్రిటన్, ఫ్రాన్సులు మస్కట్, జాంజిబార్ సుల్తానుల స్వాతంత్ర్యాన్ని గౌరవిస్తామని పరస్పరం మాట ఇచ్చుకున్నాయి. నాలుగు దశాబ్దాల తర్వాత హేగ్‌లో వాదమంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరిగింది.

మరోపక్క బ్రిటన్ 1822 నుంచి ఒమన్ పాలకులతో వరసగా బానిస వర్తక నిరోధ ఒప్పందాలు చేయించింది. 1873లో బార్టిల్ ఫ్రేర్ రాయబారం తర్వాత మస్కట్, జాంజిబార్ రెండింటిలోనూ ఈ వర్తకంపై నిషేధం వచ్చింది. ఆ ఒప్పందాల బలంతో బ్రిటిష్ నౌకాదళం అరబ్బు ఓడలను ఆపి, ఎక్కి, వెతికేది. కానీ ఫ్రెంచి జెండా ఉన్న ఓడను వెతకడానికి వీల్లేదు. శాంతికాలంలో పరాయి యుద్ధనౌక తన ఓడను సోదా చేయడం ఫ్రాన్సుకు సహించరాని సంగతి. 1830లలో పరస్పర సోదాకు ఒప్పుకున్నా, 1845కల్లా వెనక్కి తగ్గింది. ఆ జెండా కనబడితే బ్రిటిష్ అధికారి కాగితాలు అడిగి చూడగలడు, అంతే.

ఇక ఫ్రెంచి జెండా దొరకడం కష్టమేమీ కాదు. మడగాస్కర్ పక్కన నోసీ బే, మయోట్ దీవులు 1840ల నాటికి ఫ్రాన్సువి. తర్వాత ఎర్రసముద్రం మొగదల ఓబోక్ వచ్చింది. ఆ రేవుల్లో చిన్న ఆస్తి చూపినా, ఎవరినైనా జామీను పెట్టినా అరబ్బు ఓడదారుకు జెండా అనుమతి పత్రం ఇచ్చేవారు. ఫ్రెంచి వలస అధికారులకు తమ రేవుకు ఓడలు రావాలి. ఓడదారుకు సోదా బెడద పోవాలి. ఇద్దరి అవసరం కలిసింది.

ఈ పద్ధతి తెలుగువాళ్ళకు కొత్తేమీ కాదు. గోదావరి పాయల మధ్య ఉన్న యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళది. బాల్య వివాహాలను నిరోధించే శారదా చట్టం బ్రిటిష్ ఇండియాలో అమల్లోకి వచ్చాక, చుట్టుపక్కల జిల్లాల వాళ్ళు పిల్లల్ని తీసుకుని యానాం వెళ్ళి అక్కడ పెళ్ళిళ్ళు చేసేవారు. ఆ ఊరికి కల్యాణపురం అన్న పేరు అలా వచ్చింది. ఊరి పొలిమేర దాటితే చట్టం మారిపోతుంది. సూర్ ఓడదారులకు ఆ పొలిమేర తెరచాప కొయ్య చివరన ఉండేది.

ఆ జెండా చాటున ఏం జరిగేదో తెలిపే ఒక ఘటన 1881 డిసెంబరు 3న పెంబా దీవి దగ్గర జరిగింది. జాంజిబార్‌లో లంగరు వేసి ఉండే బ్రిటిష్ నౌక ‘లండన్’ కెప్టెన్ చార్లెస్ బ్రౌన్‌రిగ్, కొద్దిమంది నావికులతో చిన్న ఆవిరి పడవలో గస్తీ తిరుగుతూ ఫ్రెంచి జెండా కట్టిన ధో దగ్గరికి వెళ్ళాడు. ఫ్రెంచి జెండా గనక సోదా చేసే ఉద్దేశం లేదు. కాగితాలు చూసి వెళ్ళిపోదామనుకున్నాడు, అందుకే ఆయుధాలు సిద్ధం చేసుకోలేదు. ధోలో బానిసలుగా తరలిస్తున్న మనుషులున్నారు. దాని మీది అరబ్బులు పడవ మీదికి దూకి దాడి చేశారు. బ్రౌన్‌రిగ్ పోరాడుతూ అక్కడే చనిపోయాడు. ఈ మరణం బ్రిటన్‌లో పెద్ద అలజడి రేపింది.

అయితే ఫ్రెంచి జెండా ఓడలన్నీ మనుషుల్ని మోసేవి కావు. ఖర్జూరం మోసేవాడికీ బ్రిటిష్ పడవలు ఆపితే గాలి అదను తప్పుతుంది, సీజన్ పోతుంది. జాంజిబార్ ప్రాంతంలోని బ్రిటిష్ గస్తీ పడవలు నిర్దోషి ఓడలను కూడా పట్టి తగలబెట్టిన ఆరోపణలు ఆ రోజుల్లోనే వచ్చాయి. పట్టుబడిన ఓడకూ, విడిపించిన మనిషికీ నావికులకు బహుమతి సొమ్ము దక్కే పద్ధతి ఉండడంతో ఆ అనుమానం మరింత బలపడింది. జెండా మార్చిన ప్రతి నఖుదానూ బానిస వర్తకుడిగా చూడడం అన్యాయం. జెండా మార్పును ఉత్త వ్యాపార సౌకర్యంగా తేల్చేయడం అంతకంటే అన్యాయం. ఓడ అడుగున కూర్చోబెట్టిన ఆఫ్రికా పిల్లలకు ఆ జెండా అర్థం వేరు.

1890 జూలై 2న బ్రస్సెల్స్‌లో బానిస వర్తక నిరోధానికి పెద్ద ఒడంబడిక కుదిరింది. అందులో 32వ అధికరణం ఈ కథకు కీలకం. స్థానిక ఓడలకు తన జెండా ఇచ్చే దేశం, ఆ ఓడదారు తన ప్రజ గానీ, తన రక్షణలో ఉన్నవాడు గానీ అయితేనే ఇవ్వాలి. అతనికి ఆస్తి గానీ జామీను గానీ ఉండాలి, మంచి పేరుండాలి, బానిస వర్తకంలో శిక్ష పడి ఉండకూడదు. ఫ్రాన్సు సోదాకు సంబంధించిన భాగాలను పక్కనపెట్టి, 1892 జనవరి 2న తక్కిన ఒడంబడికను ధ్రువీకరించింది.

మస్కట్‌లో ముదిరిన గొడవ

ఒడంబడిక తర్వాత కూడా సూర్ ఓడలకు ఫ్రెంచి అనుమతులు సాగాయి. 1894లో ఫ్రాన్సు మస్కట్‌లో కాన్సులేటు తెరిచింది, పాల్ ఒతావి అక్కడికి కాన్సులుగా వచ్చాడు. సుల్తాను ఫైసల్ బిన్ తుర్కీకి సూర్ మీద పట్టు మొదటినుంచీ అంతంతమాత్రం. ఇప్పుడు అక్కడి ఓడదారులు నేలమీద కూడా ‘మేం ఫ్రెంచివాళ్ళం, మీ కోర్టు మాకు వర్తించదు, మీ సుంకం మేం కట్టం’ అనడం మొదలుపెట్టారు. ఒక గుడ్డ ముక్క సుల్తాను రాజ్యంలో మరో రాజ్యాన్ని పుట్టించింది.

1898లో సుల్తాను బందర్ జిస్సా దగ్గర బొగ్గు నిల్వ చేసుకోవడానికి ఫ్రాన్సుకు చోటు ఇచ్చాడు. 1899 జనవరిలో వైస్రాయి అయిన కర్జన్‌కు అది భారతదేశపు గడప మీద పరాయి అడుగులా తోచింది. 1899 ఫిబ్రవరిలో అడ్మిరల్ డగ్లస్ ‘ఎక్లిప్స్’ నౌకతో మస్కట్ ముందు నిలిచి, ఆ అనుమతి రద్దు చేయకపోతే కోట మీద ఫిరంగులు పేలుస్తానన్నాడు. సుల్తాను రద్దు చేశాడు. 1862లో ‘స్వాతంత్ర్యం గౌరవిస్తాం’ అని సంతకం చేసిన దేశమే ఈ పని చేసింది. తర్వాత అదే ప్రకటనను ఫ్రాన్సు మీద ఆయుధంగా ఎక్కుపెట్టింది.

అదే ఏడాది పెర్సీ కాక్స్ బ్రిటిష్ పొలిటికల్ ఏజెంటుగా వచ్చాడు. 1900లో సుల్తాను సూర్ వెళ్ళి, తన ప్రజలెవరూ పరాయి జెండాలు తీసుకోరాదని ప్రకటించాడు. కొందరు జెండాలు వదిలారు, కొందరు వదల్లేదు. 1903లో క్వారంటైన్ నిబంధన మీరిన ఫ్రెంచి జెండా ఓడ మనుషులను సుల్తాను ఖైదు చేయిస్తే, ‘ఇన్‌ఫెర్నే’ అనే ఫ్రెంచి యుద్ధనౌక వచ్చి వాళ్ళను విడవాలని పట్టుబట్టింది. రోగం సోకిన ఓడను రేవు బయట ఆపే హక్కు కూడా రేవు యజమానికి ఉందా లేదా అన్న దాకా వచ్చింది గొడవ. అదే ఏడాది నవంబరులో కర్జన్ స్వయంగా గల్ఫు పర్యటనలో మస్కట్‌కు వచ్చాడు.

1904 ఏప్రిల్‌లో బ్రిటన్, ఫ్రాన్సులు పాత వలస తగాదాలు పరిష్కరించుకుంటూ రాజీపడ్డాయి. మిగిలిన ఈ ఒక్క ముల్లును మధ్యవర్తులకు అప్పగిద్దామని 1904 అక్టోబరు 13న ఒప్పుకున్నాయి.

హేగ్ తీర్పు

మధ్యవర్తులు ముగ్గురు. బ్రిటన్ తరఫున అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి మెల్విల్ ఫుల్లర్, ఫ్రాన్సు తరఫున డచ్చి న్యాయవేత్త సావోర్నిన్ లోమాన్. ఇటలీ రాజు నియమించిన మూడో పెద్దమనిషి ఆస్ట్రియా ఆచార్యుడు హైన్రిష్ లామాష్. శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానం తీర్చిన నాలుగో కేసు ఇది. ఇప్పుడు ఆ సంస్థ ఉండే శాంతి సౌధం తెరుచుకోవడానికి అప్పటికింకా 8 ఏళ్ళుంది. మస్కట్ సుల్తాను ఈ కేసులో పక్షకారుడు కాదు. ఆయన స్వాతంత్ర్యం గురించి ఆయన లేని గదిలో ఇద్దరు పెద్దలు వాదించుకున్నారు.

తీర్పు మొదటి మెట్టు ఫ్రాన్సుకు అనుకూలం. తన జెండా ఎవరికివ్వాలో నిర్ణయించుకునే హక్కు సాధారణంగా ప్రతి సార్వభౌముడికీ ఉంది, పరదేశి ప్రజకు ఇచ్చినంత మాత్రాన అది ఆ రాజు స్వాతంత్ర్యం మీద దాడి కాదు అన్నారు న్యాయమూర్తులు. కాబట్టి 1892 జనవరి 2కు ముందు ఫ్రాన్సు ఇచ్చిన అనుమతులు చెల్లుతాయి. ఫ్రాన్సు కొనసాగించినంతకాలం వాటిని పొందినవాళ్ళు ఆ జెండా ఎగరేసుకోవచ్చు.

రెండో మెట్టులో దెబ్బ పడింది. బ్రస్సెల్స్ ఒడంబడికను ధ్రువీకరించిన నాటినుంచి ఆ స్వేచ్ఛకు ఫ్రాన్సు తనే గీత గీసుకుంది. ఆ తేదీ తర్వాత తన ప్రజలకూ, తన రక్షితులకూ తప్ప జెండా ఇవ్వకూడదు. మరి రక్షితుడంటే ఎవరు? ఫ్రాన్సు ఈ మాటను సాగదీసి చెప్పింది. న్యాయస్థానం 1863లో టర్కీ సామ్రాజ్యంలో రక్షితుల సంఖ్యకు కళ్ళెం వేసిన నిబంధనలను ఆధారం చేసుకుంది. 1863కు ముందే ఫ్రాన్సు రక్షితులుగా చూసినట్టు రుజువు చేసుకోగలిగిన వాళ్ళకే కొత్త జెండా చెల్లుతుంది. నలభై ఏళ్ళ కిందటి కాగితం సూర్‌లో ఎంతమంది దగ్గర ఉంటుంది? కొత్త అనుమతుల దారి దాదాపు మూసుకుపోయినట్టే.

మూడో మెట్టు, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, ఓడనూ మనిషినీ విడదీసింది. సక్రమంగా జెండా పొందిన ధోకు 1844 ఒప్పందం ప్రకారం మస్కట్ జలాల్లో రక్షణ ఉంటుంది, దాన్ని పరాయివాళ్ళు చొరబడి పట్టుకోకూడదు. కానీ ఆ అనుమతి మరొకరికి బదిలీ కాదు, అదే యజమాని మరో ఓడకు కూడా వాడుకోలేడు. ఆ ఓడకు యజమాని అయినా, నఖుదా అయినా, కళాసీ అయినా సుల్తాను ప్రజగానే ఉంటాడు, సుల్తాను కోర్టుకు లోబడే ఉంటాడు. జెండా ఓడకే గానీ, ఒడ్డుకు దిగిన మనిషికి కాదు.

మాదాపూర్‌లో కూర్చుని పనిచేసే కంపెనీ రిజిస్ట్రేషన్ మరో దేశంలో ఉంటే, ఉద్యోగికీ పన్నుకూ ఏ దేశపు చట్టం వర్తిస్తుంది అన్న ప్రశ్న ఇలాంటిదే. రిజిస్ట్రేషన్ ఒకచోట, మనిషి ఒకచోట. ఇక వాణిజ్య తగాదాలను కోర్టు బయట తీర్చడానికే నానక్‌రామ్‌గూడలో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ సెంటర్ 2021 డిసెంబరు 18న ప్రారంభమైంది. ఇరుపక్షాలు చెరొక మధ్యవర్తిని ఎంచుకోవడం, మూడోవారు పెద్దగా కూర్చోవడం ఆర్బిట్రేషన్‌లో నేటికీ నడుస్తున్న పద్ధతి.

తీర్పు తర్వాత

ఫ్రెంచి జెండా ఓడలు ఒక్కసారిగా మాయం కాలేదు. పాత అనుమతులున్నవాళ్ళు చనిపోతూ, ఓడలు పాడవుతూ సంఖ్య తగ్గింది. ఈలోగా గొడవ ఆయుధాల వైపు తిరిగింది. మస్కట్ నుంచి మక్రాన్ తీరం మీదుగా వాయవ్య సరిహద్దుకు తుపాకులు పోతున్నాయని భారత ప్రభుత్వం మొత్తుకుంది. ఆ వ్యాపారంలో ఫ్రెంచి వర్తకులకూ వాటా ఉంది. 1912లో సుల్తాను ఆయుధాలన్నిటికీ ఒకే గిడ్డంగి పెట్టించాక అది చాలావరకు అణగింది. గల్ఫు ఎగువన కువైట్ ఓడలు ఎర్రని టర్కీ జెండానే ఎగరేస్తూ వచ్చాయి. 1914లో టర్కీతో యుద్ధం వచ్చేసరికి శత్రు నౌకలుగా పొరబడే ప్రమాదం తలెత్తి, జెండా మీద కువైట్ పేరు రాయించుకోవలసి వచ్చింది.

న్యాయశాస్త్రంలో ఈ తీర్పు ఆయుర్దాయం ఎక్కువ. 1953లో అమెరికా సుప్రీంకోర్టు లారిట్జన్ కేసులో ఓడ జాతీయత గురించి చెబుతూ మస్కట్ ధోలను ప్రస్తావించింది. 1982 సముద్ర చట్ట ఒడంబడిక, ఓడకూ జెండా ఇచ్చిన దేశానికీ మధ్య నిజమైన సంబంధం ఉండాలంది. పనామా, లైబీరియా జెండాలతో తిరిగే నేటి సరుకు ఓడల్లో ఆ సంబంధం ఎంత ఉందో, వాటిలో పనిచేసే విశాఖ కుర్రాళ్ళకు జీతం ఆగిన రోజున తెలుస్తుంది.

ఆ ఓడల దారి చివర హైదరాబాదు

ఈ సముద్రపు కథకు హైదరాబాదులో మనుషులున్నారు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి తెరచాప ఓడల్లో పశ్చిమ తీరానికి చేరి, అక్కడినుంచి దక్కను ఎక్కివచ్చిన అరబ్బులు నిజాము సైన్యంలో కొలువు చేశారు. వాళ్ళ బ్యారక్స్ ఉన్న చోటే నేటి బార్కస్. ఆఫ్రికా మూలాల సిద్దీలు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే అశ్విక దళంలో ఉండేవారు. వనపర్తి రాజా దగ్గరి ఆఫ్రికా అంగరక్షకులు నిజాముకు కానుకగా వచ్చినప్పటి నుంచి ఆ దళం కథ మొదలవుతుంది. మాసబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ పేట పేరు వాళ్ళదే. ఒకే సముద్రపు గాలి ఒకరిని సిపాయిగా, మరొకరి పూర్వీకుణ్ణి సరుకుగా తీసుకొచ్చింది. హేగ్ తీర్పులో ఓడదారుల హక్కుల గురించి ఎన్నో పేరాలున్నాయి. ఓడలో అమ్ముడైన వాళ్ళెవరినీ సాక్ష్యం అడగలేదు.

హైదరాబాదులో అరబ్బు దళాల నాయకులైన జమేదార్లలో అల్ ఖుఐతీ వంశం నిజాము కొలువులో కూడబెట్టిన డబ్బుతో హద్రమౌత్ తీరంలో రాజ్యమే కట్టింది. 1867లో షిహర్ రేవునూ, 1881లో బ్రిటిష్ తోడ్పాటుతో ముకల్లానూ గెలుచుకుంది. వాళ్ళకు పోటీగా నిలిచిన కథీరీ, అవ్‌లకీ నాయకులు కూడా నిజాము జమేదార్లే. హైదరాబాదు దేవిడీల మధ్య పగ అరేబియా రేవుల్లో యుద్ధంగా మారింది. మనుషులూ డబ్బూ తుపాకులూ ఇక్కడినుంచి ఓడలెక్కి పోకుండా జమేదార్లను అదుపులో పెట్టమని బ్రిటిష్ ప్రభుత్వం నిజాము దివాను సాలార్‌జంగ్‌ను పదేపదే అడిగేది. 1888లో ముకల్లా బ్రిటిష్ రక్షణ ఒప్పందంలో చేరింది. ఇక ఫ్రెంచి జెండాకు గానీ టర్కీ జెండాకు గానీ ఆ రేవులో చోటు లేదు. తర్వాతి సుల్తానులు కూడా బతుకులో పెద్ద భాగం హైదరాబాదులోనే గడిపారు. ఇక్కడి సేవకు దక్కిన నవాబు బిరుదులూ, అక్కడి సుల్తాను బిరుదూ ఒకే మనిషి పేరులో ఉండేవి.

1948 సెప్టెంబరు 17న నిజాము సైన్యం లొంగిపోయాక వేలమంది అరబ్బు సిపాయిలు కొలువు కోల్పోయారు. చాలామందిని ఓడలెక్కించి అరేబియాకు పంపించివేశారు. సరిగ్గా 19 ఏళ్ళకు, 1967 సెప్టెంబరు 17న, ముకల్లాలో అల్ ఖుఐతీ పాలన కూడా కూలిపోయింది. విదేశం నుంచి సముద్రమార్గాన తిరిగివస్తున్న ఆ వంశపు చివరి సుల్తాను రెండో గాలిబ్ ఓడ రేవు ముందుకు చేరేసరికి ఊరు విప్లవకారుల చేతిలో ఉంది. ఆయన్ను ఒడ్డుకు దిగనివ్వలేదు.